పెళ్ళిలో ఉండగానే కెమెరా కార్డులోని ఫొటోలు ఫోన్‌లోకి దించుకోవడం: బ్యాకప్పా, భ్రమా?

నరసాపురం_బుల్లోడు
అందరికీ నమస్కారం. వచ్చే గురువారం భీమవరంలో ఒక పెళ్ళి ఒప్పుకున్నా. ముహూర్తం రాత్రి 2:40. నాది కెనాన్ 6డీ, ఒకటే కార్డు స్లాట్. ల్యాప్‌టాప్ తీసుకెళ్తే మండపంలో పెట్టే చోటుండదు, కాపలా ఉండేవాడూ ఉండడు. ఫోన్‌కి నేరుగా గుచ్చే ఓటీజీ కార్డ్ రీడర్ కొని మధ్యమధ్యలో ఫోన్‌లోకి దించుకుంటే సరిపోతుందా?

కొంగలోడు
సరిపోతుంది. నేను పక్షులు తీస్తా, నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి. కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతులు తీసి పడవ దిగగానే రీడర్ గుచ్చి టీకి వెళ్తా. లెక్క చెప్తా విను. ఫోన్‌లో యూఎస్‌బీ 2 వేగమే ఉంటే సెకనుకి 30, 35 ఎంబీ దిగుతుంది. నిండిన 64 జీబీ కార్డుకి అరగంట పైమాటే. టైప్-సీ చూసి మోసపోకు, ఐఫోన్ 15 మామూలు మోడల్లో కూడా లోపల ఉన్నది యూఎస్‌బీ 2 వేగమే, 15 ప్రోలోనే పెరిగింది. వైఫై జోలికి అసలు పోకు. నికాన్ వాళ్ళ స్నాప్‌బ్రిడ్జ్ యాప్‌లో తనంతట తాను వచ్చేవి 2 మెగాపిక్సెల్ బొమ్మలు. స్టేటస్‌కి బాగుంటాయి, ఆల్బంకి కాదు.

కృష్ణాతీరం_స్టూడియో
వద్దు తమ్ముడూ. రీలు కెమెరా కాలం నుంచి పెళ్ళిళ్ళు తీస్తున్నా. పని మధ్యలో కార్డు బయటికి తీశావంటే తప్పు అక్కడే మొదలవుతుంది.
2019లో అద్దెకి పిలిచిన కుర్రాడొకడు మండపం వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్‌లోకి దించుతున్నాడు. ‘కాపీ’ కొట్టాల్సింది ‘మూవ్’ కొట్టాడు. మధ్యలో ఎవరో తగిలారు, రీడర్ ఊడింది. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఫొటోలు అటూ లేవు, ఇటూ లేవు. పెళ్ళికూతురి నాన్న తిడతాడనుకున్నా. మా కౌంటర్ దగ్గర నిలబడి “మళ్ళీ చేయలేం కదండీ” అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

కొంగలోడు
ఇందులో ఫోన్ తప్పేముంది సార్? మూవ్ కొట్టడం తప్పు. నేను చెప్పింది కాపీ.

కృష్ణాతీరం_స్టూడియో
రాత్రి మూడింటికి, నిద్రలేని కళ్ళకి, పక్కపక్కనే ఉన్న రెండు మాటల్లో ఏది నొక్కుతాడో నువ్వు హామీ ఇస్తావా?

కొంగలోడు
ఆ లెక్కన డిలీట్ బటన్ కెమెరా మీదే ఉంది. కెమెరా కూడా మానేద్దామా?

మండపేట_మూర్తి
పోయిన ఫొటోలు వెతికిచ్చే ఫోటోరెక్ లాంటిది పెట్టి చూడలేదా? ఉచితమే కదా.

కృష్ణాతీరం_స్టూడియో
చూశాం మూర్తిగారూ. అప్పటికే వాడు అదే కార్డు కెమెరాలో పెట్టి అప్పగింతల దాకా తీసేశాడు. పాతవాటి మీద కొత్తవి ఎక్కాయి. ఓ పాతిక దొరికాయి, అవి కూడా సగం బొమ్మ, సగం బూడిదరంగు.

కొంగలోడు
అంటే మీ కుర్రాడు చేసినవి మూడు తప్పులు. మూవ్ ఒకటి. ఊడిన కార్డుని మళ్ళీ వాడటం రెండోది. ఇంకో కార్డు జేబులో లేకపోవడం మూడోది. ఆ మూడోది మీదే.

కృష్ణాతీరం_స్టూడియో
నాకు నేర్పకు బాబూ. గూడబాతు రేపు కూడా వస్తుంది. తాళి రేపు కట్టరు.

లేపాక్షి_లెన్సు
కొట్టుకునే ముందు ఒక మాట. 32 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. కొన్ని పాత ఆండ్రాయిడ్ ఫోన్లకి అది అర్థంకాక “ఈ డివైస్ పాడైంది, ఫార్మాట్ చేయాలా?” అని అడుగుతాయి. పాడైంది కార్డు కాదు, ఫోన్‌కి చదువు రాలేదంతే. అక్కడ సరే నొక్కారా, పెళ్ళి పోయినట్టే. ఇంట్లో ఖాళీ కార్డుతో ముందే చూసుకోండి.

నరసాపురం_బుల్లోడు
థాంక్సండీ. మరి రీడర్ ఏది కొనమంటారు?

కృష్ణాతీరం_స్టూడియో
రీడర్ కొనకు. ఆ డబ్బుతో 32 జీబీ కార్డులు మూడు కొను, సంతలో కాదు, బిల్లిచ్చే షాపులో. 6డీ రా ఫైలు, అంటే జేపెగ్‌గా మార్చని అసలు ఫొటో, ఇంచుమించు 25 ఎంబీ, ఒక్కో కార్డుకి వెయ్యికి పైగా పడతాయి. ఘట్టానికొక కార్డు మార్చు. ఒకటి పోయినా పెళ్ళంతా పోదు.

కొంగలోడు
ఒకటి పోయినా ఫర్వాలేదన్నమాట! ఆ ఒకటి మాంగల్యధారణదైతే? కార్డులు ఎన్ని మార్చినా ప్రతి ఫొటో ఒక్కచోటే ఉంది కదా సార్. రెండోచోట ఉంటేనే బ్యాకప్. ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి మీరు తప్పించుకుంటున్నారు.

సెకండ్‌షూటర్_శీను
నేను వెళ్ళిన ప్రతి పెళ్ళిలో ఫోన్‌లోకి దించుకుంటా. భోజనాల బంతి లేచేలోపు అయిపోతుంది. కూలికి పిలిచిన స్టూడియో ఓనర్లకి చెప్పను.

కృష్ణాతీరం_స్టూడియో
చెప్పవా? ఎందుకు చెప్పవు?

సెకండ్‌షూటర్_శీను
చెప్తే వద్దంటారు కాబట్టి.

కృష్ణాతీరం_స్టూడియో
ఇదిగో, నా గోల ఇదీ. ఇందాకట్నుంచి మూవ్, కాపీ అని నన్ను తిప్పుతున్నారు గానీ, నేను అడిగేది ఎవడి ఫోన్ అని! పెళ్ళికూతురి గదిలో తీసినవి, చీర సర్దుకుంటున్నవి, ఒకటిరెండు రోజులకి వచ్చిన కుర్రాడి ఫోన్‌లో ఎందుకుండాలి? ఆ ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ ఆటో బ్యాకప్ ఆన్ చేసి ఉంటే అవి వాడి ఖాతాలోకి ఎక్కేస్తాయి. పార్టీకి నేను ఏం సమాధానం చెప్పాలి?

సిరి_కాకినాడ
నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు, కొత్త కెమెరా కొనేందుకు ఈ గ్రూపులో చేరా. మా పెళ్ళిలో మంగళస్నానం ఫొటో ఒకటి అసిస్టెంట్ అబ్బాయి తన ఇన్‌స్టాలో పెట్టుకున్నాడు. నేను ఆల్బం చూడటానికి ఆరు వారాల ముందు. మా అత్తగారి చెల్లెలు ఫోన్ చేసి చెప్తే తెలిసింది. తీసేయమంటే “బాగా వచ్చింది కదక్కా” అన్నాడు.

కృష్ణాతీరం_స్టూడియో
విన్నావా శీనూ?

సెకండ్‌షూటర్_శీను
విన్నా. సిరిగారూ, అది తప్పే. నేను ఒక్కటి కూడా బయట పెట్టలేదు, ఆటో బ్యాకప్ ఎప్పుడూ ఆఫ్‌లోనే. ఇప్పుడు నాది వినండి.
మొన్న మాఘమాసంలో ఒక స్టూడియోకి మూడు ముహూర్తాలు చేశా. పేరు చెప్పను. రాత్రంతా నిలబడి తీసి, తెల్లారి కార్డులు వాళ్ళ చేతిలో పెట్టి బస్సెక్కా. నాలుగు నెలలు డబ్బుల్లేవు. ఫోన్ ఎత్తడు. చివరికి ఎత్తి “నీ కార్డు కరప్ట్, ఫొటోలు రాలేదు, డబ్బులెక్కడివి” అన్నాడు. నా ఫోన్‌లో మూడు పెళ్ళిళ్ళూ ఉన్నాయి. స్క్రీన్‌షాట్ పంపా. రెండో రోజు డబ్బులు పడ్డాయి.

కృష్ణాతీరం_స్టూడియో
దాన్ని బ్యాకప్ అనరు. తాకట్టు అంటారు.

సెకండ్‌షూటర్_శీను
తాకట్టే సార్. కూలోడి దగ్గర ఇంకేం ఉంటుంది పెట్టుకోవడానికి? కెమెరా కూడా నాదే, వాయిదాలు కడుతున్నా.

కొంగలోడు
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. వేగం గురించి...

మండపేట_మూర్తి
కొంగలూ, నువ్వు కాసేపు ఆగు నాన్నా. అసలు విషయం ఇదే.

సెకండ్‌షూటర్_శీను
మీ కుర్రాడు పోగొట్టాడన్నారు కదా. ఆ పెళ్ళికి వాడికి డబ్బులిచ్చారా?

కృష్ణాతీరం_స్టూడియో
...ఇవ్వలేదు. పార్టీ నాకూ సగమే ఇచ్చింది.

సెకండ్‌షూటర్_శీను
అడిగా అంతే.

కృష్ణాతీరం_స్టూడియో
(మర్నాడు పొద్దున)
రాత్రి మా ఆవిడ కూడా ఇదంతా చదివింది. సరే. నా స్టూడియో వరకు చెప్తున్నా. మా పాత ఫోన్ ఒకటి ఖాళీగా ఉంది. సిమ్ తీసేసి, ఖాతాలన్నీ తీసేసి, రీడర్‌తో కలిపి కెమెరా బ్యాగులో పెడతా. దించేది దాంట్లోకే, నా ముందే. దించాక కార్డు ఫార్మాట్ చేయడం లేదు, కవర్లో పడాలి. కూలి ఆ రోజే ఇస్తా.

లేపాక్షి_లెన్సు
ఆ పాత ఫోన్ ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందో లేదో చూడండి ముందు.

కృష్ణాతీరం_స్టూడియో
చూశా. ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. మీ మాట గుర్తొచ్చి వద్దన్నా. 32 జీబీది పెడితే చదివింది.

నరసాపురం_బుల్లోడు
అయ్యా, నాకు గురువారం పెళ్ళి. తీయాల్సిన పెళ్ళి.

కొంగలోడు
టైప్-సీ, యూఎస్‌బీ 3 అని ఉన్న రీడర్ ఏదైనా కొను. 32 జీబీ కార్డులు కూడా కొను, ఆయన చెప్పినట్టే. కాపీ అయ్యాక ఫోన్‌లో లెక్క, కార్డులో లెక్క ఒకటేనా చూసుకో. మొదటిదీ చివరిదీ తెరిచి చూడు.

సెకండ్‌షూటర్_శీను
సార్, ఆ రోజే కూలి అన్నారు. భోజనాలకి ముందా, తర్వాతా?

కృష్ణాతీరం_స్టూడియో
కార్డు నా చేతిలో పెట్టినప్పుడు. ఆషాఢం పోయాక మొదటి ముహూర్తానికి తెనాలి రా, చూద్దాం.