ఏళ్లు గడుస్తున్నా వాయిద్యంలో పరిణతి రావడం లేదు: అనుభవజ్ఞులు చెప్పగలరు

నల్లగొండ వయొలిన్: వర్ణాలనే అభ్యాస రచనలను రెండు కాలాల్లోనూ, అంటే రెండు వేగాల్లోనూ, తాళం తప్పకుండా వాయిస్తాను. కానీ ఆలాపన మొదలుపెడితే గురువుగారి సంగతులే (స్వరాల మలుపులే) చేతికి వస్తున్నాయి తప్ప నావి అనదగినవి రావడం లేదు. సొంత బాణీ ఏ దశలో ఏర్పడుతుంది? మా అమ్మాయికి ఏ వయసులో పాఠం మొదలుపెట్టించాలి?

పాలమూరు మృదంగం: దశాబ్దాలుగా విద్య నేర్పుతున్నవాడిగా చెబుతున్నాను. తొలి పాఠాలైన సరళీ వరుసలను మూడో కాలంలో పరుగెత్తించడమే విద్య అనుకునేవారు, అక్షరానికి ఒక్క స్వరం నిలపవలసిన మొదటి కాలంలో దొరికిపోతారు. రెండు దెబ్బల మధ్య ఖాళీని తొందరపడకుండా నిలుపుకోగలిగినప్పుడే చేయి పండినట్లు. మృదంగం ఎడమవైపు నాదం కోసం అంటించే తడి రవ్వముద్ద ఎంత పెట్టాలో చెవితో తేల్చుకోవడం కూడా ఆ పరిణతిలో భాగమే. క్రమమైన పాఠం లేని జానపద వాయిద్యాల్లో ఈ ఎదుగుదల అనే ప్రశ్నే రాదు.

పెద్దగట్టు డోలు: ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. మల్లన్న కథలు చెప్పే మా ఒగ్గు బృందంలో పిల్లవాడికి మొదట తాళాలిస్తారు, తర్వాత డోలు, ఆ తర్వాత వంత. ప్రధాన కథకుడు మల్లన్న కథను ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ తుంచుతాడో ముందే పసిగట్టి దరువు మార్చగలిగేదాకా ఒగ్గు, అంటే కథకుడి డమరుకం, చేతికి రాదు. ఇది క్రమం కాదా?

పాలమూరు మృదంగం: ఆవేశం సమాధానం కాదు. రాసి పెట్టిన పాఠం లేని చోట తప్పును తప్పని తేల్చేదెవరు?

అచ్చంపేట కిన్నెర: ఎదురుగా కూర్చున్న ఊరే తేలుస్తుంది. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ తాతల నుంచి విన్నవారి ముందు ఒక్క చరణం తడబడినా అక్కడే నిలదీస్తారు. పన్నెండు మెట్ల కిన్నెరతో దర్శనం మొగిలయ్య 2022లో, బుర్రవీణతో నారాయణపేట జిల్లా కళాకారుడు దాసరి కొండప్ప 2024లో పద్మశ్రీ పొందారు. ఆ చేతులకు ఎదుగుదల లేదని మీరెలా అనగలరు?

వనపర్తి గాత్రం: వాయిద్యాల వాదంలో గొంతును అందరూ వదిలేశారు. మగపిల్లల స్వరపేటిక పెరిగే వయసులో శ్రుతి తగ్గించి పాడించాలి. మా అబ్బాయి చేత ఒక సంగీత పాఠశాల పాత శ్రుతిలోనే పాడించింది, వాడు పాటంటేనే భయపడే స్థితికి వచ్చాడు. బొంగురు గొంతుతోనే కర్ణాటక సంగీత గాయకుడు సెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ శిఖరానికి చేరారని చెప్పి వాడిని మళ్లీ తంబురా ముందు కూర్చోబెట్టాను. ఇప్పుడు ధైర్యంగా పాడుతున్నాడు.

నల్లగొండ వయొలిన్: నా ప్రశ్న అలాగే ఉండిపోయింది.

సూర్యాపేట పక్కవాద్యం: గాయకుల పక్కన కూర్చోండి. గాయకుడు అప్పటికప్పుడు కల్పించిన సంగతిని ఆ క్షణంలోనే అందుకోవలసి వచ్చినప్పుడు, చేతికి అలవాటైన దారులు పనికిరావు. వేర్వేరు గాయకులను అనుసరించిన తర్వాతే నా ఆలాపనకు నా నడక వచ్చింది. వయొలిన్‌ను సోలో కచేరీ వాద్యంగా నిలబెట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డులు వినండి. ఎక్కడ కమాను ఆపారో గమనిస్తే, ఎంత వాయించాలో కన్నా ఏది వదలాలో తెలుస్తుంది.

పాలమూరు మృదంగం: ఈ సలహా సరైనదే. లయ విషయంలో మాత్రం నా మాట నాదే.

పెద్దగట్టు డోలు: అయితే వచ్చే జాతరకు రండి. మా డోళ్ల మధ్య నిలబడి, మేము దరువు మార్చిన ప్రతిసారీ లెక్క తప్పకుండా తాళం పట్టండి. ఆ తర్వాత క్రమం గురించి మాట్లాడుకుందాం.