పెరటి చేపల తొట్టికి వారం వారం నీళ్లు మార్చాల్సిందేనా? (తిరుపతి కొర్లగుంట, బోరు నీళ్లు)

కొర్లగుంట_తొట్టి:
అందరికీ నమస్కారం. పెరట్లో సిమెంటు తొట్టి ఉంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. లెక్కేస్తే 1,700 లీటర్లు. అందులో అరచెయ్యంత కోయిలు (రంగురంగుల కార్ప్ చేపలు) పద్నాలుగు, గోల్డ్‌ఫిష్ ఆరు. ఫిల్టర్ అంటే చిన్న స్పాంజ్ ఒక్కటే. బోరు నీళ్లు, టీడీఎస్ (కరిగిన ఉప్పుల కొలత, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 900. నీళ్లు పచ్చబడి అడుగు కనిపించడం లేదు. తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఎనిమిదింటికల్లా మామూలైపోతున్నాయి. చేపలు అమ్మిన అంగడతను వారానికోసారి సగం నీళ్లు మార్చమన్నాడు. వేసవిలో మా వీధికి ట్యాంకరు వస్తుంది. అన్ని నీళ్లు మార్చాల్సిందేనా?

కోయి_రెడ్డెప్ప:
మార్చాల్సిందే తమ్ముడూ. సగం వద్దుగానీ నాలుగో వంతు, అంటే 425 లీటర్లు, వారం తప్పకుండా. కోయి తిన్న మేతలో మాంసకృత్తులు అమ్మోనియా అయి మొప్పల గుండా నీళ్లలోకి వస్తాయి. కిలో మేతకు 30 గ్రాముల దాకా వస్తాది. ఆ చిన్న స్పాంజ్ దాన్ని అరాయించుకోలేదు. పొద్దున్నే నోళ్లు తెరుస్తాండాయంటే అమ్మోనియానే.

బోరు నీళ్లు నేరుగా పట్టొద్దు. భూమి లోపలి నీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. డ్రమ్ములో పట్టి, గాలి రాయి (పంపు గాలిని బుడగలుగా వదిలేది) వేసి, ఒక పూటన్నా ఉంచు. మున్సిపాలిటీ కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటాది. దానికి సోడియం థయోసల్ఫేట్ పలుకులు కరిగించి పోయాల. మద్యాన్నం మిద్దె మీద ట్యాంకులోని కాలే నీళ్లు తిప్పొద్దు, తెల్లారి పట్టుకో.

అంతరతామర:
రెడ్డెప్ప గారూ, అది అమ్మోనియా కాదు, ఆక్సిజన్ తగ్గడం. ఆయన రాసినది మళ్లీ చదవండి: తెల్లవారుజామునే వస్తున్నాయి, ఎనిమిదికి దిగిపోతున్నాయి. పచ్చ నీళ్లంటే కంటికి కనపడని నాచు. పగలు ఎండకి అది ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా చేపలతో పాటు అదీ పీల్చుకుంటుంది. సూర్యోదయానికి ముందు నీళ్లలో ఆక్సిజన్ అట్టడుగుకి పోతుంది. పైగా నీళ్లు వేడెక్కే కొద్దీ పట్టుకునే ఆక్సిజనే తక్కువ. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు కొంచెం పైన, 35 దగ్గర 7 లోపు. అమ్మోనియా దెబ్బయితే పగలంతా మొప్పలు ఎర్రబడి, చేపలు గోడలకు ఒళ్లు రాసుకుంటూ ఉండేవి.

కొర్లగుంట గారూ, ఈ రాత్రే చేయాల్సింది: నిమిషానికి 30 నుంచి 40 లీటర్ల గాలి పంపు, రెండు గాలి రాళ్లు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ పంపు ఒకటి పక్కన పెట్టుకోండి. తొట్టి పైన 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కట్టండి. నీళ్ల మీద మూడో వంతు అంతరతామర అనే తేలే మొక్క ఆకులు పరచండి. నీళ్లు మార్చక్కర్లేదు, తగ్గినన్ని పోస్తే చాలు.

గప్పీ_పాకాల:
గుర్రపుడెక్క ఇంకా బాగా పనిచేస్తుంది కదా?

అంతరతామర:
పనిచేస్తుంది, కానీ వద్దు. తీసి పారేసిన ముక్క కాలవలో పడినా చెరువు మొత్తం కప్పేస్తుంది. అంతరతామరను కూడా తీసేసినప్పుడు ఎండబెట్టి ఎరువులో వేయాలి, నీటి పక్కన పారేయకూడదు.

కోయి_రెడ్డెప్ప:
"తగ్గినన్ని పోస్తే చాలు" అన్నారే, అక్కడే తప్పు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ఆడే ఉండాది. ఈ తొట్టి పైభాగం 24 చదరపు అడుగులు. ఎండాకాలం రోజుకు 6 మిల్లీమీటర్లు ఎగిరిపోయినా వారానికి 90, 100 లీటర్లు. ఆ 100 లీటర్లూ 900 టీడీఎస్ నీళ్లతో నింపితే 90 గ్రాముల ఉప్పులు లోపలికి పోయినట్టు. 1,700 లీటర్లలో వారానికి 53 పెరుగుతాది. నాలుగు నెలల్లో 900 కాస్తా 1,800. చెప్పండి మేడం, ఆ ఉప్పుని మీ ఆకులు తింటాయా?

అంతరతామర:
ఆకులు నైట్రేట్‌ని (అమ్మోనియా చివరికి మారే రూపం) తింటాయి, ఉప్పుని తినవు. అది మీరు చెప్పింది నిజమే. కానీ మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిద్దె మీద పడ్డ మొదటి వాన నీటిని వదిలేసి, రెండో వాన నుంచి పైపుతో తొట్టిలోకి తిప్పితే అంతా కడిగేస్తుంది. నాలుగు నెలలకు 1,800 అయినా గోల్డ్‌ఫిష్‌కు ప్రాణాపాయం లేదు.

కొర్లగుంట_తొట్టి:
ఆర్‌ఓ నీళ్లు కలిపితే టీడీఎస్ తగ్గదా?

కోయి_రెడ్డెప్ప:
తగ్గుతాది. దాంతోపాటు పీహెచ్‌ని నిలబెట్టే పట్టు కూడా నీళ్లకు పోతాది. ఆ పట్టును చెప్పే కేహెచ్ అనే కొలత నాలుగు డిగ్రీల కన్నా బాగా దిగితే పీహెచ్ ఒక్క రాత్రిలో పడిపోయి చేపలు తేలే ప్రమాదం ఉండాది. ఆర్‌ఓ ఒట్టిగా పోయొద్దు. పోసినా మూడో వంతు దాటకు. కేహెచ్ పెంచాలంటే వంటసోడా, 1,000 లీటర్లకు 30 గ్రాములు వేస్తే ఒక డిగ్రీ పెరుగుతాది. నీ బోరు నీళ్లకు ఆ అవసరం చాలా మటుకు రాదు. ఒక లీటరు ఆర్‌ఓ నీళ్లకు ఎన్ని లీటర్లు వృథాగా కాలవకు పోతాయో చూసుకో ముందు.

మిద్దెతోట_చిత్తూరు:
నీళ్ల వృథా మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా ప్రహరీ అవతలి వాళ్లు చేపల తొట్టి నీళ్లు ప్రతి ఆదివారం వీధిలోకి వదులుతారు. మా ఇంట్లో కుండల్లో పట్టుకుంటున్న రోజుల్లో కూడా. 425 లీటర్లు వారానికి అంటే నెలకు ఒక తొట్టెడు. ఈ పట్టణంలో ఇది న్యాయమా?

కోయి_రెడ్డెప్ప:
వీధిలోకి వదిలినోళ్ల సంగతి నన్ను అడగొద్దు. అవి చెట్లకు పోయాల్సిన నీళ్లు. నైట్రేట్ ఉన్న నీళ్లు కరివేపాకుకు, అరటికి ఎరువులా పని చేస్తాయి. ఎట్లాగూ చెట్లకు పోసే నీళ్లే చేపల గుండా పోతాండాయి. ఒక్కటి గుర్తు పెట్టుకో: మందు కోసం కల్లుప్పు వేసిన వారం మాత్రం ఆ నీళ్లు చెట్లకు పోయొద్దు. నైట్రైట్ (అమ్మోనియా నైట్రేట్ అయ్యే దారిలో వచ్చే విషం) పెరిగినప్పుడు 1,000 లీటర్లకు కిలో, తెల్లమచ్చ రోగానికి మూడు కిలోల దాకా వేస్తాం. ఆ నీళ్లకు చెట్టు ఆకులు కొసల నుంచి మాడతాయి.

అంతరతామర:
కొర్లగుంట గారి పెరట్లో 425 లీటర్లు తాగే చెట్లున్నాయో లేదో అడిగారా? ఉన్నవి నాలుగు పూలకుండీలైతే?

కోయి_రెడ్డెప్ప:
అడగలా. మీరు ఆయన అమ్మోనియా ఎంతో అడిగినారా? కొలవకుండానే ఆక్సిజన్ అని తేల్చేసినారు.

కొర్లగుంట_తొట్టి:
చుక్కల కిట్ తెచ్చి చూశాను. పొద్దున ఆరింటికి అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము, పీహెచ్ 7.6. సాయంత్రం ఐదింటికి అమ్మోనియా 1, పీహెచ్ 8.8. నీళ్ల వేడి 30 డిగ్రీలు. రాత్రి గాలి పంపు పెట్టాక పొద్దున చేపలు పైకి రాలేదు.

అంతరతామర:
పైకి రాలేదు కదా. ఆక్సిజనే.

కోయి_రెడ్డెప్ప:
సాయంత్రం అంకె చూడండి మేడం, అదే ఇంత సేపూ చెప్తాండేది. అమ్మోనియా అంతా విషం కాదు. పీహెచ్ పెరిగే కొద్దీ విషపు భాగం పెరుగుతాది. 30 డిగ్రీల్లో 7.6 దగ్గర నూటికి 3 వంతులు, 8.8 దగ్గర 34 వంతులు. అంటే పొద్దున 0.03, సాయంత్రం 0.34. పదింతలు. 0.05 దాటితేనే మొప్పలు దెబ్బతింటాయి. పొద్దున్నే కొలిచి బాగుందనుకునే వాళ్ల చేపలు అందుకే సాయంత్రాలు నీరసిస్తాయి. ఆ పీహెచ్‌ని సాయంత్రానికి ఎగదోసేదీ ఆ పచ్చ నాచే, పగలంతా కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటాది కాబట్టి. మీ నాచు, నా అమ్మోనియా రెండూ ఒకే తొట్టిలో ఉండాయి.

తమ్ముడూ, ఇప్పుడు చేయాల్సింది విను. రెండు రోజులు మేత ఆపు. ఈ వారం నీళ్లు మార్చు, కానీ ఒకేసారి కాదు, రోజుకు 150 లీటర్లు, పొద్దున్నే పీహెచ్ తక్కువ ఉన్నప్పుడు. ఫిల్టర్‌కు 200 లీటర్ల నీలం డ్రమ్ము తీసుకో. గంటకు 2,000 లీటర్ల పంపు. నీళ్లు అడుగు నుంచి ఎక్కాల, పై నుంచి దిగాల. కింద మూడు ఇంచులు ఖాళీ, మట్టి పేరుకోడానికి, దానికి ఒక గేట్ వాల్వు. ఆ పైన ముతక స్పాంజ్, దాని పైన సన్న స్పాంజ్, మిగతాది బయోబాల్స్ (సూక్ష్మజీవులు పట్టుకునే ప్లాస్టిక్ బంతులు). స్పాంజ్‌ని కుళాయి కింద కడగొద్దు, తొట్టి నీళ్లలోనే పిండు. లేకుంటే అమ్మోనియాని తినే సూక్ష్మజీవులు చస్తాయి. అవి కొత్తగా నిలదొక్కుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడతాది. కరెంటు గంటల తరబడి పోతే డ్రమ్ములో నీళ్లు కుళ్లుతాయి. కరెంటు వచ్చినాక ఆ నీళ్లు బయటికి వదిలి అప్పుడు పంపు వెయ్యాల. 35 వాట్ల పంపు నెలకు 25 యూనిట్లు తింటాది. పచ్చదనానికి 11 వాట్ల యూవీ దీపం చాలు.

అంతరతామర:
డ్రమ్ము గురించి మీరు చెప్పినదంతా సరైనదే, అలాగే చేయమనే నేనూ అంటాను. కానీ మీరు ఒక్కసారి కూడా అడగని ప్రశ్న ఉంది. 1,700 లీటర్లలో పద్నాలుగు కోయిలు ఎందుకుండాలి? కోయి రెండడుగులు పెరిగే చేప. డ్రమ్ము, యూవీ, వారానికి 425 లీటర్లు, ఇవన్నీ ఉండకూడనన్ని చేపల్ని బతికించడానికి చేసే పనులు. మొదటి జాబులోనే మీరు ఈ మాట చెప్పి ఉండాలి. నీళ్లు మార్చడం మీద మనకు గొడవే లేదు, చేపల లెక్క మీదే గొడవ. ఆరు గోల్డ్‌ఫిష్, నీడ, ఆకులు ఉంటే ఆ తొట్టి నెలకు 200 లీటర్ల మార్పుతో నడుస్తుంది.

కోయి_రెడ్డెప్ప:
అదీ అసలు మాట. మీకు కోయిలంటేనే పడదు. ట్యాంకరు వచ్చే ఊళ్లో కోయి పెంచేవాడు దోషి అని మీ లెక్క.

అంతరతామర:
కోయిలంటే ఇష్టం కాబట్టే చెప్తున్నాను. నాలుగడుగుల లోతు, 8,000, 10,000 లీటర్లు కట్టగలిగినవాళ్లు హాయిగా పెంచుకోండి. అది లేనివాళ్లకి అమ్మిన అంగడతన్ని మీరు సమర్థిస్తున్నారు, దానికే నా కోపం.

కోయి_రెడ్డెప్ప:
అంగడోణ్ని నేను సమర్థించలా. అమ్మినాడు, కొన్నాడు, చేపలు ఇప్పుడు తొట్టిలో ఉండాయి. వాటిని ఈ రోజు బతికించాల. నేను చెప్పేది ఈ రోజు సంగతి. ఏడాది తిరిగేలోగా తొట్టి పెద్దదన్నా కట్టాల, చేపలన్నా తగ్గించాల. అది నేనూ ఒప్పుకుంటా.

గప్పీ_పాకాల:
ఎక్కువైనవి ఏదన్నా చెరువులోనో కోనేట్లోనో వదిలేస్తే సరిపోతుంది కదా. పుణ్యం కూడా.

అంతరతామర:
దయచేసి ఆ పని చేయకండి. కోయి అడుగు మట్టిని పెళ్లగించి నీటి మొక్కల్ని లేపేస్తుంది, చెరువు బురదగా మారుతుంది, పరిగెల్లాంటి మన చిన్న చేపలకు గుడ్లు పెట్టే చోటు పోతుంది. గాజు తొట్టిలో అద్దాలు తుడుస్తుందని కొనే సక్కర్‌మౌత్ క్యాట్‌ఫిష్, అదే డెవిల్ ఫిష్, ఎవరో ఇలా వదిలిందే. ఇప్పుడు జాలర్ల వలలు చింపుతోంది. దోమల కోసం 1928లో దేశానికి తెచ్చిన గాంబూజియా కూడా మన చేపల పిల్లల్ని తింటూనే ఉంది. గప్పీ కూడా కాలవలో వదలొద్దు. 2021 నవంబరులో తిరుపతి వీధులన్నీ మునిగాయి. అలాంటి వానకు తొట్టి పొంగితే చేపలు తమంతట తామే కాలవలోకి, అక్కడి నుంచి స్వర్ణముఖిలోకి పోతాయి. అందుకే తొట్టి అంచుకి ఆరించుల కింద పొర్లు పైపు, దాని మూతికి సన్న జాలీ తప్పనిసరి.

కోయి_రెడ్డెప్ప:
ఈ విషయంలో మేడం మాటే నా మాట. పాకాల తమ్ముడూ, చెరువులో వదలొద్దు.

చంద్రగిరి_కొలను:
మా దగ్గర 12,000 లీటర్ల కొలనుంది, చేపలు తక్కువే ఉన్నాయి. కొర్లగుంట వారి కోయిల్లో పది తీసుకుంటాను. రెండు రోజులు మేత ఆపి, చల్లపొద్దున తీసుకురండి. సంచికి రెండు చేపలు, మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్. మా కొలనులో కలిపేముందు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచుతాను. యాంకర్ వార్మ్, చేపపేను లాంటి ఒంటిని పట్టే పురుగులు ఉంటే అప్పుడే బయటపడతాయి. రెండు చోట్లా బోరు నీళ్లే అయినా పీహెచ్ వేరుగా ఉండొచ్చు కాబట్టి సంచిలోకి మా నీళ్లు కొంచెం కొంచెంగా, అరగంట పాటు పోసి అప్పుడు వదలాలి.

కొర్లగుంట_తొట్టి:
ఇచ్చేస్తాను. నాలుగు కోయిలు, ఆరు గోల్డ్‌ఫిష్ మిగులుతాయి. అప్పుడు వారానికి ఎన్ని లీటర్లు?

కోయి_రెడ్డెప్ప:
200.

అంతరతామర:
100. ఆ నాలుగూ ఇచ్చేస్తే 50.