వేపార్‌ను కట్టడి చేయాలా, కొలవాలా?

తీరవాసి: పిశాచాలను పిలిచే పాత మంత్రగ్రంథం గోయెటియాలోని 72 మందిలో 42వ పేరు వేపార్. జలకన్య రూపం, డ్యూక్ హోదా, 29 దళాలకు అధిపతి. తన చుట్టూ వృత్తం గీసుకుని, పిశాచాన్ని బయటి త్రికోణంలోకి రప్పించి ఆజ్ఞాపించడం సెరిమోనియల్ మ్యాజిక్ పద్ధతి. పిశాచాలను దేవతల్లా కొలిచే డెమొనోలేట్రీ వాళ్లు అది అవమానం అంటారు, నైవేద్యం పెట్టి పిలుస్తారు. ఏది సరైనది? మా వైపు వేటకు వెళ్లేముందు గంగమ్మకు కొబ్బరికాయ కొడతారు. ఆ లెక్కన నాకు రెండోదే నచ్చుతోంది.

రాగిముద్ర: వృత్తం అవమానం కాదండీ, హద్దు. 1904లో ఇంగ్లిష్ మాంత్రికులు మేథర్స్, క్రౌలీల చేతుల మీదుగా అచ్చయిన గోయెటియాలో కొలతలతో సహా ఉంది: తొమ్మిది అడుగుల వృత్తం, దానికి రెండడుగుల అవతల మూడడుగుల త్రికోణం. డ్యూక్ కాబట్టి, వేపార్ గుర్తు గీసే ముద్ర రాగిది. పిలవాల్సింది పొద్దు పొడిచినప్పటి నుంచి మధ్యాహ్నం లోపు, మబ్బు లేనప్పుడు.

వేపార్ పనులేమని రాశారో కూడా చూడండి. ఆయుధాల ఓడలకు దారి చూపడం, సముద్రాన్ని అల్లకల్లోలం చేయడం, దాని నిండా ఓడలున్నట్టు చూపించడం, పుండ్లు కుళ్లబెట్టి పురుగులు పట్టించి మూడు రోజుల్లో మనిషిని చంపడం. ఇప్పుడు నెట్‌లో ఎక్కడ చూసినా వేపార్ అంటే కన్నీళ్లు తుడిచే సముద్ర దేవత. ఆ ఓడలు, ఆ పుండ్లు ఏమైపోయాయి?

గంగమ్మ పోలిక కూడా పెట్టకండి. ఆమెను ఊళ్లకు ఊళ్లే కొలుస్తున్నాయి, జాతరలు చేస్తున్నాయి. వేపార్‌కు ఊరూ లేదు, గుడీ లేదు. మనకు దొరికేదల్లా మాంత్రికుల జాబితాల్లో ఓ నాలుగు వాక్యాలు.

నీలికెరటం: రాగిముద్ర గారూ, గంగమ్మ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ మీ పుస్తకం హద్దు దగ్గరే ఆగిందా? ఎంత పిలిచినా రాకపోతే ముద్రను నల్ల పెట్టెలో పెట్టమంది. అందులో గంధకం, ఇంగువ, ఇంకా కంపు కొట్టేవన్నీ వేసి, ఇనుప తీగ చుట్టి, కత్తి మొనకు తగిలించి నిప్పుల మీద పట్టమంది. ఇది చిత్రహింస. సాయం అడిగే చోట ఈ పని నా చేత కాదు.

ఇక పుండ్ల సంగతి. 1577లో వైద్యుడు యోహాన్ వయర్ లాటిన్‌లో అచ్చువేసిన జాబితా గోయెటియా కన్నా పాతది. దాన్ని 1584లో రెజినాల్డ్ స్కాట్ ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. అక్కడ కూడా పుండ్లు, పురుగులు, మూడు రోజుల్లో చావు అన్నీ ఉన్నాయి. కానీ ఆ వెంటనే, శ్రద్ధ తీసుకుంటే వాళ్లందరూ కోలుకోవచ్చనీ ఉంది. గోయెటియాలో ఆ మాట లేదు. కాబట్టి మాన్పడమన్నది మేం నిన్న మొన్న కల్పించింది కాదు.

నేను చేసేది చాలా మామూలుగా ఉంటుంది. పడమటి వైపు తిరిగి, గిన్నెలో ఉప్పునీళ్లు పోసి, ముందు నీటి తత్వానికి అధిపతిగా లెవియాథాన్‌ను తలచుకుని, తర్వాత వేపార్ పేరు పలుకుతాను. బెదిరింపులు ఉండవు.

రాగిముద్ర: ఆ వాక్యం ఉంది, కాదనను. శ్రద్ధ తీసుకుంటే మానుతాయి అన్నాడు గానీ, వేపారే మాన్పుతుందని అనలేదు కదా. ఇంకోటి, వయర్ జాబితాలో ముద్రలే లేవు. ఎవరూ వాడకుండా ఉండాలని కొన్ని భాగాలు కావాలనే వదిలేశాడాయన. మీరు గిన్నె ముందు పెట్టే ముద్ర గోయెటియాది. మాంత్రికుడు ఆజ్ఞాపించేటప్పుడు ఛాతీ మీద వేసుకునేది అదే. ఆజ్ఞ వద్దు, ముద్ర మాత్రం కావాలంటే ఎలా?

నీలికెరటం: ముద్రను నేను వదలను. ఆ గీతల వల్లే పిలుపు చేరుతుందని నా నమ్మకం. వాటిని ఛాతీ మీద వేసుకుని హుకుం జారీ చేయడం మాత్రం నాకొద్దు. తీరవాసి గారూ, ఒంటి మీద నిజమైన పుండు ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి. స్కాట్ చెప్పిన శ్రద్ధలో అదీ ఉందనే నేను చదువుకున్నాను.

రాగిముద్ర: ఆ చివరి మాట వరకు మీతోనే ఉన్నాను. ముద్ర విషయంలో కాదు.