అఫినిటీ కాన్వా చేతికి వెళ్లింది: వి2లో ఉన్న పనులన్నీ ఏం చెయ్యాలి?

గంటస్తంభం డీటీపీ (విజయనగరం)

నమస్కారమండి. మా షాపులో రెండు సిస్టమ్‌ల మీద అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ రెండో వెర్షన్, అంటే వి2 ఉంది. అందులోని యాప్‌లు డిజైనర్ (బొమ్మలకి), ఫోటో (ఫోటోలకి), పబ్లిషర్ (పేజీలకి) మూడూ ఒక్కసారి డబ్బు కట్టి కొన్నవే. 2024 మార్చిలో ఆన్‌లైన్ డిజైన్ సైటు కాన్వా, అఫినిటీని తయారుచేసే కంపెనీని కొన్నప్పుడు, ఒకసారి కొనే లైసెన్సులు ఎప్పటికీ ఉంటాయని ప్రకటించారు. 2025 అక్టోబరు 30న మూడింటినీ కలిపి ఒకే యాప్ చేసి ఉచితంగా ఇచ్చేశారు, వి2 అమ్మకం ఆపేశారు.

పెళ్లికార్డులు, కరపత్రాలు, సిరిమానోత్సవం పోస్టర్లు, స్కూలు సావనీర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. రేపు దీనికీ నెలకింత కట్టమంటే ఏటి చెయ్యాలి? కొందరు ఇప్పుడే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్‌కి మారిపొమ్మంటున్నారు. వి2లోనే ఉండాలా, కొత్తది వేసుకోవాలా, మొత్తం వదిలెయ్యాలా? పని తెలిసినవాళ్లు చెప్పండి.

పేజ్‌మేకర్ మాస్టారు (బొబ్బిలి)

బాబూ, ఒక కంపెనీ ఇంకోదాన్ని కొందంటే ముందు చూడాల్సింది ఒకటే. కొన్నవాడి దగ్గర అదే పని చేసే సొంత సరుకు ఉందా, లేక రాబోతోందా?

అడోబీ 1994లో ఆల్డస్‌ని కొంది, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అలా దాని చేతికొచ్చింది. 1999లో అదే పనికి తన సొంత ఇన్‌డిజైన్ తెచ్చింది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 తర్వాత ఇంకో వెర్షన్ రాలేదు. తెలుగు టైపుకి వాడే అను ఫాంట్లతో దాని మీదే బతికిన తెలుగు డీటీపీ షాపులు చాలావరకు అక్కడే ఆగిపోయాయి. ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు ఆ ఫైళ్లు తెరిచేది, చందా కట్టే సీసీ వచ్చాక అదీ పోయింది.

బొమ్మలు గీసే ఫ్రీహ్యాండ్‌ది ఇంకా బాధాకరం. ఆల్డస్‌తో పాటు అదీ అడోబీకి వెళ్లబోతే, అడోబీ సొంత ఇలస్ట్రేటర్‌కి పోటీ లేకుండా పోతుందని అమెరికా ప్రభుత్వం ఒప్పుకోలేదు. దాన్ని తయారుచేసిన ఆల్ట్‌సిస్‌కి తిరిగిచ్చేశారు, అక్కణ్ణుంచి మాక్రోమీడియాకి వెళ్లింది. 2005లో అడోబీ మాక్రోమీడియానే కొనేసింది. 2007లో ఫ్రీహ్యాండ్ ఇక ముందుకు సాగదని చెప్పేశారు.

వెబ్‌సైట్లు, యాప్‌ల తెరలు డిజైన్ చేసే ఫిగ్మా విషయంలో వాడేవాళ్లు అంత గోల పెట్టిందీ అందుకే. 2022 సెప్టెంబరులో 20 బిలియన్ డాలర్లకు కొంటామన్న అడోబీ దగ్గర అదే పని చేసే ఎక్స్‌డీ ఉంది. బ్రిటన్, యూరప్ నియంత్రణ సంస్థలు అడ్డుచెప్పడంతో 2023 డిసెంబరులో బేరం వదులుకుని ఫిగ్మాకి 1 బిలియన్ డాలర్లు కట్టింది.

కాన్వాకి ప్రెస్సు పనికి పనికొచ్చే డెస్క్‌టాప్ యాప్ ఏదీ లేదు. కాబట్టి అఫినిటీని చంపి వాళ్లు బావుకునేది లేదు. మనల్ని మెల్లగా కాన్వా చందావైపు నడిపించుకోవడమే వాళ్ల లాభం. ఏఐ పనిముట్లు డబ్బు కట్టే కాన్వా ఖాతాకే పెట్టారు చూడండి. రేపు ఏ కొత్త సదుపాయం వచ్చినా అటువైపే చేరుతుందని నా లెక్క.

కోరెల్‌కి పారిపోతే తప్పించుకున్నట్టు కాదు. అదీ 2019లో కేకేఆర్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది.

ఏడురోడ్ల ప్రెస్ (శ్రీకాకుళం)

మాస్టారు చెప్పింది నిజం. నేను ఫైళ్ల సంగతి చెప్తాను.

కొత్త యాప్ వి2 ఫైళ్లు తెరుస్తుంది. కానీ అందులో సేవ్ చేసింది .ఏఎఫ్ ఫైలు అవుతుంది, దాన్ని వి2 తెరవదు. తిరుగు దారి లేదు. కాబట్టి అసలు ఫైలు జోలికి వెళ్లకండి, కాపీ తీసి ఆ కాపీనే తెరవండి.

దానికన్నా ముందు వి2లో ఉండగానే చెయ్యాల్సిన పని ఉంది. మళ్లీ మళ్లీ వచ్చే ప్రతి జాబునీ పబ్లిషర్‌లో తెరిచి 'సేవ్ యాజ్ ప్యాకేజ్' చెయ్యండి. లింకు చేసిన బొమ్మలు, ఫాంట్లు ఒకే ఫోల్డర్‌లోకి వస్తాయి. తర్వాత అదే జాబుని పీడీఎఫ్‌గా రెండు రకాలు తీయండి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్/ఎక్స్-4 (అచ్చుకి పంపే పీడీఎఫ్ రకం) ఒకటి, అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా మార్చింది ఒకటి. మొదటిది రేపు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా కొంతవరకు దిద్దుకోవడానికి, రెండోది ఫాంటు లేని ప్రెస్సుకి పంపడానికి. లోగోలు మాత్రం విడిగా, ఎంత పెంచినా చెదరని ఎస్‌వీజీ ఫైళ్లుగా దాచండి.

వి2 ఇన్‌స్టాలర్ ఇప్పుడే మీ ఖాతాలోంచి దించుకుని పెన్‌డ్రైవ్‌లో, ఇంకో హార్డ్‌డిస్క్‌లో పెట్టండి. అది చాలదని కూడా గుర్తుంచుకోండి. కొత్త సిస్టమ్‌లో వేసినప్పుడు యాక్టివేషన్‌కి కంపెనీ సర్వర్ పలకాలి. అది ఎన్నాళ్లు పలుకుతుందన్నది మన చేతిలో లేదు కనుకే పీడీఎఫ్‌ల మీద ఇంత పట్టు పడుతున్నాను.

కొత్తదానికి కాన్వా లాగిన్ తప్పనిసరి. ఒకసారి యాక్టివేట్ అయ్యాక నెట్ లేకపోయినా నడుస్తుంది, ఫైళ్లు మీ డిస్కులోనే ఉంటాయి. షాపు పేరు మీద విడి ఈమెయిల్ పెట్టి లాగిన్ అవ్వండి. పనిచేసే కుర్రాడి సొంత మెయిల్ మీద పెడితే, అతను మానేసిన రోజు ఇబ్బంది.

జీడిపప్పు లేబుల్ (పలాస)

తెలుగు అక్షరాల సంగతి ఎవరూ ఎత్తలేదు. వి2 యూనికోడ్ తెలుగుని (ఫోన్లలో, నెట్‌లో వాడేదాన్ని) సరిగ్గా కూర్చదు. 'స్త్రీ', 'క్ష్మ', 'ర్యా' లాంటివి టైపు చేస్తే ఒత్తులు విడిపోతాయి. అందుకే చాలామంది అను ఫాంట్లతో నెట్టుకొస్తారు, లేదంటే ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో కూర్చి కర్వ్స్ చేసి తెచ్చుకుంటారు. కొత్త యాప్ వేసుకున్న రోజే ఈ మూడు మాటలూ కొట్టి చూడండి. అను ఫాంటు ఫైళ్లకైతే ఇంకో ప్రమాదం ఉంది. ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే మొత్తం ఇంగ్లీషు గజిబిజిగా కనిపిస్తుంది. పైన చెప్పిన కర్వ్స్ పీడీఎఫ్ అక్కడ కాపాడుతుంది.

ప్యాకింగ్ పని ఉంటే ఇంకాస్త జాగ్రత్త. కొత్త యాప్‌లో తెరిచాక డాక్యుమెంట్ కలర్ ప్రొఫైల్ సీఎంవైకేలోనే (అచ్చుకి వాడే నాలుగు రంగుల్లోనే) ఉందా చూడండి. బార్‌కోడ్ గీతలు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు ఒక్క కే 100తోనే, అంటే నూరు శాతం నలుపు ఇంకుతోనే ఉండాలి. నాలుగు రంగుల నలుపులోకి మారితే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గీతల అంచు మసకబారి స్కానర్ చదవదు. సరుకుల మీద వేసే ఈఏఎన్-13 బార్‌కోడ్ పూర్తి సైజు 37.29 x 25.93 మి.మీ., 80 శాతం కంటే తగ్గించకండి. ఎగుమతి చేసేటప్పుడు 'ఓవర్‌ప్రింట్ బ్లాక్' (మిగతా రంగుల మీదే నలుపు అచ్చు వెయ్యడం) టిక్ ఉందో లేదో కూడా చూసుకోవాలి. స్పాట్ రంగులు (విడిగా కలిపి వేసే ఇంకులు) వాడిన పౌచ్ డిజైన్లయితే పీడీఎఫ్‌ని అక్రోబాట్ ప్రోలో తెరిచి, అవుట్‌పుట్ ప్రివ్యూలో ఒక్కో రంగూ ఆపి చూశాకే అచ్చు సిలిండర్ చెక్కడానికి పంపండి.

పుస్తకం పనులకి మాత్రం స్క్రైబస్ 1.6 ఒకసారి చూడమంటాను. ఒత్తులు బాగా కూరుస్తుంది, పీడీఎఫ్/ఎక్స్ ఇస్తుంది, అందరికీ తెరిచి ఉంచిన ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టి దాన్ని ఎవరూ కొనేసి మూసెయ్యలేరు.

ఏడురోడ్ల ప్రెస్ (శ్రీకాకుళం)

స్క్రైబస్ మంచిదే కానీ అఫినిటీ ఫైలు అందులో తెరుచుకోదండి. పాత జాబులకి కాదు, కొత్తగా మొదలుపెట్టే పుస్తకాలకే. కోరెల్ కూడా అంతే. పీడీఎఫ్‌గా తీసి అందులోకి తెస్తే పేరాలు లైను లైనుగా విడిపోతాయి, నీడలు, పారదర్శకత బిట్‌మ్యాప్ అయిపోతాయి.

గంటస్తంభం డీటీపీ (విజయనగరం)

చాలా ఉపయోగపడిందండి. వి2, కొత్తది రెండూ ఒకే సిస్టమ్‌లో ఉండొచ్చా?

ఏడురోడ్ల ప్రెస్ (శ్రీకాకుళం)

ఉండొచ్చు, ఒకదానికొకటి అడ్డం రాదు. ముందు ఒక సిస్టమ్‌లోనే వేసి, రెండోదాన్ని అచ్చంగా వి2తో ఉంచండి. రెండూ ఉన్న సిస్టమ్‌లో విండోస్ 'ఓపెన్ విత్'లోకి వెళ్లి .ఏఎఫ్‌డిజైన్, .ఏఎఫ్‌పబ్, .ఏఎఫ్‌ఫోటో మూడూ వి2కే కట్టేయండి. లేదంటే డబుల్ క్లిక్‌తో కొత్త యాప్ తెరుచుకుని, హడావిడిలో ఎవరో ఒకరు అందులోనే సేవ్ చేసేస్తారు. కొత్త యాప్‌లో చేసే పనులకి 'కొత్త ఏఎఫ్' అని విడి ఫోల్డర్ పెట్టండి. మాఘమాసం కార్డుల ఒత్తిడి తగ్గాకే మార్పు మొదలుపెట్టండి.