మాస్టర్, స్లేవ్‌లకు తెలుగులో ఏం రాద్దాం?

ప్రశ్న: డేటాబేస్‌ల మీద తెలుగులో పాఠాలు రాస్తున్నాను. మాస్టర్, స్లేవ్ అన్నచోట యజమాని, బానిస అని పెట్టవచ్చా? అమెరికాలో ఎవరో నొచ్చుకున్నారని మనం మాటలు మార్చుకోవాలా అని ఒక మిత్రుడి వాదన.

జవాబు: పెట్టకండి. వెట్టిచాకిరీ చేసిన తాతల కథలు వింటూ పెరిగినవాళ్లు తెలంగాణలో ఎందరో ఉన్నారు, బానిస అన్నమాట మనకేం పరాయిది కాదు. అది పక్కన పెట్టినా ఆ మాటల జంట ఈ సర్వర్ల పనితీరుకే అతకదు. కొత్త డేటా అంతా మొదటి సర్వర్‌లో, అంటే మాస్టర్‌లో చేరుతుంది. రెండోది, అంటే స్లేవ్, ఆ మార్పులు తెచ్చుకుని తనలో రాసుకుంటుంది, అడిగినవాళ్లకు చూపిస్తుంది. మొదటిది కూలిపోతే దాని స్థానంలోకి వచ్చేదీ అదే. ఇందులో బానిసత్వం ఎక్కడుంది? వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ జాంగో 2014లోనే ఈ మాటలు మానేసింది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైసీక్వెల్ 2020లో 8.0.22 వెర్షన్‌తో ‘స్టార్ట్ రెప్లికా’ అనే కమాండ్ తెచ్చి, 8.4లో పాత ‘స్టార్ట్ స్లేవ్’ను తీసేసింది. పాత మాటతో పాఠం రాస్తే కొత్త వెర్షన్‌లో కమాండే పనిచేయదు.

— అయితే ప్రధాన సర్వర్, ప్రతి సర్వర్ అందామా?

— ‘ప్రతి సర్వర్‌లోనూ డేటా ఉంటుంది’ అని రాసి చూడండి. అన్ని సర్వర్లలోనా, ఆ ఒక్కదానిలోనా? నా ఓటు ‘నకలు’కి. రెవెన్యూ ఆఫీసులో దస్తావేజు నకలు అడిగినవాళ్లందరికీ తెలిసిన మాటే.

— నకలు అంటే నకిలీ గుర్తుకొస్తుందండీ.

— వస్తుంది, కాదనను. మూల సర్వర్, నకలు సర్వర్ అని జంటగా వాడితే ఆ అనుమానం చాలావరకు పోతుంది. ఇలాగే మార్చాల్సిన ఇంకో మాట బ్లాక్‌లిస్ట్, అంటే రానివ్వకూడనివాటి పట్టీ. దానికైతే తంటాయే లేదు. రిజిస్ట్రేషన్ కుదరని 22ఎ భూముల పుణ్యమా అని ‘నిషేధిత జాబితా’ మన పేపర్లలో ఎప్పటినుంచో ఉంది. ‘నల్లజాబితా’ కంటే అదే సూటిగా ఉంది కూడా. దాని ఎదురుజాబితా వైట్‌లిస్ట్‌కు ‘అనుమతి జాబితా’ చాలు.

— మరి కోడ్ మార్పులను దాచే గిట్‌లో మాస్టర్ బ్రాంచ్, అంటే కోడ్ ప్రధాన శాఖ? గిట్ కోడ్‌ను ఉంచే సైట్ గిట్‌హబ్ 2020 అక్టోబర్ 1 నుంచి కొత్త రిపోల్లో (కోడ్ భాండాగారాల్లో) ఆ శాఖకు మెయిన్ అని పెడుతోంది కదా.

— అక్కడ నాకూ పూర్తిగా నచ్చలేదు. ఆ మాస్టర్ పక్కన స్లేవ్ అనే బ్రాంచ్ లేదు, పైగా పేరు మార్చుకున్నవాళ్లు పాత స్క్రిప్టులన్నీ వెతికి సరిచేసుకోవాల్సి వచ్చింది. ఏదేమైనా, బ్రాంచ్ పేరు టైప్ చేసేది, అనువదించేది కాదు. మీ పాఠంలో రిపోలో ఏ పేరుంటే అదే రాయండి.