సమస్య: టేకు లేని యింట టీయు లేదు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య మా మనవరాలి ఇంగ్లీషు నోటుపుస్తకంలోంచి వచ్చింది. 'టేక్' అనే క్రియ పక్కన ఏయే నామవాచకాలు వస్తాయో రాసుకురమ్మన్నారట. పిల్ల పేజీ నింపేసి, తెలుగులో చెప్పమని నా ముందు పెట్టింది. స్నానం చేస్తాం, ఫొటో తీస్తాం, బస్సు ఎక్కుతాం, మాత్ర వేసుకుంటాం, పరీక్ష రాస్తాం, సెలవు పెడతాం. వాళ్ళు ఒక్కదానితో సరిపెట్టుకున్న చోట మనకి ఆరు కావలసివచ్చాయి. ఆ చిరాకులో టీ అడిగితే ఇంట్లో పాలు లేవన్నారు. అదీ సంగతి. ఛందస్సు ఆటవెలది, ఇది నాలుగో పాదం, పై మూడూ మీరు పూరించాలి. టేకు కర్రా, టేక్ క్రియా అన్నది మీ ఇష్టం.

బందరు లడ్డూ:
నాది క్రియే.

బాతు, ఫోటొ, సీటు, బస్సుకున్ ముందుండు
నాంగ్ల భాషయందు నన్ని చోట్ల
నామవాచకమ్ము నడిపింప నిది తోడు
టేకు లేని యింట టీయు లేదు

గణాల మాస్టారు:
గణాలు సరిపోయాయి. 'ఫోటో' అని దీర్ఘం పెట్టకుండా 'ఫోటొ' అనడం గలం (గురువు పక్కన లఘువు ఉండే గణం) కోసమేనని తెలుస్తూనే ఉంది, పోనిద్దాం. మూడో పాదంలో అసలు విషయం పట్టుకున్నారు. 'టేక్ ఎ వాక్' అన్నప్పుడు అర్థమంతా 'వాక్'లోనే ఉంటుంది. 'టేక్' కాలాన్నీ పురుషనీ మోసుకొచ్చే పల్లకీ బోయీ. కానీ మొదటి పదమే నాకు మింగుడుపడలేదు. తెలుగు పద్యంలో 'బాతు' అంటే నాకు చెరువులో ఈదేదే కనబడుతుంది, బాత్‌రూము కాదు.

పుల్లట్టు:
ఇంకో మాట మాస్టారూ. బ్రిటన్‌లో స్నానానికి ఎక్కువగా 'హ్యావ్' అంటారు, 'టేక్' అమెరికా వాడుక. టీకి కూడా 'టేక్' అంటే ఇప్పుడు కాస్త పాతకాలపు మర్యాదలా వినిపిస్తుంది, వాళ్ళు 'హ్యావ్' తోనే కానిస్తారు. 'టీ టేక్ చేస్తారా' అని ఇప్పటికీ అడిగేది మనమే. కాబట్టి లడ్డూగారి 'అన్ని చోట్ల' కాస్త ఎక్కువైంది.

బందరు లడ్డూ:
ఒప్పుకున్నాను. కానీ 'అన్ని' తీస్తే యతి (పాదం మొదటి అక్షరంతో కుదరవలసిన మైత్రి) పోతుందండీ, ఏం చెయ్యమంటారు?

చెక్కపని:
నాది అసలు సిసలు ఆదిలాబాదు టేకు. క్రియల జోలికి పోను.

కొయ్య కొనగ లేదు, కూలికే సరిపోయె
బల్ల లేదు కప్పు పైన పెట్ట
నేల మీద నుంచ నెగసె చీమల దండు
టేకు లేని యింట టీయు లేదు

గణాల మాస్టారు:
పూరణ ముద్దుగా ఉంది, సమస్యలోని అసంగతం ఇట్టే విడిపోయింది. మూడో పాదంలో యతి తప్పింది. 'ఉంచన్ + ఎగసె' కలిసి 'ఉంచ నెగసె' అయింది. అక్కడి నకారం ద్రుతానిది, అంటే ముందు మాట చివరి న్, కాబట్టి యతి చూడవలసింది 'ఎ' అచ్చుకి. మొదట్లో 'నేల'లోని న సొంత హల్లు. రెండూ కలవవు. ఇలా మార్చి చూడండి:

నేల నున్న కప్పు నిండెను చీమల

చెక్కపని:
చీమలు కప్పులోకి దిగిపోయాయి! తీసుకున్నాను. అన్నట్టు టీపాయి గురించి రాద్దామనుకుని మానేశాను. అందులో 'టీ'కి తేనీటితో సంబంధం లేదట, మూడు కాళ్ళది అని 'తీన్'లోంచి వచ్చిందట కదా?

పుల్లట్టు:
నిజమే, హిందీ 'తీన్', పారశీకం 'పాయ్' కలిసినది. ఇంకా చిత్రం, ఇంగ్లీషులో 'టీక్' అనే కర్ర పేరు మలయాళం 'తేక్కు'లోంచి పోర్చుగీసువాళ్ళ మీదుగా వెళ్ళింది. మన టేకు దానికి దగ్గరి చుట్టం. క్రియ టేక్ మాత్రం ఓడలెక్కి వచ్చిన స్కాండినేవియావాళ్ళ నార్సు భాషది, 'టాకా'. పాత ఇంగ్లీషులో ఆ పనికి 'నిమన్' ఉండేది, దాన్ని ఇది వెళ్ళగొట్టింది. ఒళ్ళు మొద్దుబారడాన్ని చెప్పే 'నమ్' ఆ పాత క్రియ మిగిల్చిన మాటే.

కొత్త కలం, డాలస్:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులు మన్నించాలి. ఇక్కడ మా అబ్బాయి పరీక్ష 'టేక్' చేస్తాడు, టీచరు 'గివ్' చేస్తుంది. క్లాసు కూడా పిల్లలే 'టేక్' చేస్తారు. మా ఊళ్ళో క్లాసు తీసుకునేది మాస్టారు! వచ్చిన కొత్తలో 'ఎగ్జామ్ రాశాను' అని ఇంగ్లీషులో చెబితే, ప్రశ్నపత్రం తయారుచేశాననుకున్నారు.

పరీక్ష టేకు నెవడు చేయును సామి
అడుగు వాడ? చెప్పు నట్టివాడ?
బడిని దీని నెరుగ పంతులే తడబడ
టేకు లేని యింట టీయు లేదు

గణాల మాస్టారు:
రండి, రండి. 'పరీక్ష' లఘువు, గురువుతో మొదలవుతుంది. అలా మొదలయ్యే గణం ఆటవెలదిలో వాడే సూర్యగణాల్లోనూ లేదు, ఇంద్రగణాల్లోనూ లేదు. ముందు ఒక 'ఈ' పెట్టండి:

ఈ పరీక్ష టేకు నెవడు చేయును సామి

'ఈప', 'రీక్ష' రెండు గలాలయ్యాయి. 'ఈ'కి 'ఎవడు'లోని ఎ యతి కూడా కుదిరింది. చిక్కు వేరే ఉంది. మూడు పాదాలూ బాగా నడిచి నాలుగో దాని దగ్గర గోడకి గుద్దుకున్నాయి. పంతులు తడబడితే టీ ఎందుకుండదు? సమస్యని అతికించారు కానీ పూరించలేదు.

కొత్త కలం, డాలస్:
ఆ గోడ నాకూ కనబడింది మాస్టారూ, ఎవరూ చూడరులే అనుకున్నాను.

పుల్లట్టు:
ఇక నాది.

గివ్వు టేకు లనుచు కీచులాడిరి వారు
మొగుడు పెండ్ల మకట మూతి ముడిచి
ఇచ్చువారు లేక పుచ్చుకొనుట యేది
టేకు లేని యింట టీయు లేదు

గణాల మాస్టారు:
ఇదీ పూరణంటే! మూడో పాదంలో యతికి బదులు రెండో అక్షరం కలిసే ప్రాసయతి, ఇచ్చు-పుచ్చు, వెతుక్కున్నట్టు లేదు, నోటి మాటలా వచ్చి పడింది. 'టేక్'కి 'తీసుకొను' అనకుండా 'పుచ్చుకొను' వాడడం నాకు మరీ నచ్చింది. మా అమ్మ వచ్చినవాళ్ళని 'కాఫీ పుచ్చుకుంటారా' అనే అడిగేది. సెలవు పుచ్చుకునేవాళ్ళు, దానం పుచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు పేపర్లలో చర్యలు తీసుకుంటారు, నిర్ణయాలు తీసుకుంటారు, జాగ్రత్తలూ తీసుకుంటారు. 'జాగ్రత్తపడండి' అంటే అచ్చుకి ఖర్చు తగ్గుతుంది కూడా. 'అకట' మాత్రం గణం నింపడానికి తెచ్చిన బస్తా.

పుల్లట్టు:
బస్తా అని నాకూ తెలుసు. మొగుడూ పెళ్ళాల మధ్య అదైనా అడ్డం ఉండనివ్వండి.

బందరు లడ్డూ:
అక్కా, ఈ వారం టీ మీ ఇంట్లోనే.

నిర్వాహకుడు:
మా మనవరాలికి నాలుగూ చదివి వినిపించాను. చీమల పద్యానికి నవ్వింది, మిగతావాటికి ఫోను చూసుకుంది. 'టేక్ ఎ న్యాప్'కి మాత్రం మనకి అచ్చంగా 'కునుకు తీయడం' ఉందని తనే కనిపెట్టింది. వచ్చే వారం సమస్య దాని పేరు మీదే, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదం:

కునుకు తీయ మేలుకొలిపె నిద్ర