బెవాన్ పట్టూ విడుపూ: 1951 రాజీనామా సబబేనా?

పాతపుస్తకం (చర్చ ప్రారంభం):

పదమూడేళ్ల వయసులో బడి మానేసి దక్షిణ వేల్స్‌లోని ట్రెడెగర్‌లో బొగ్గుబాయి దిగిన అన్యూరిన్ బెవాన్ (1897–1960), గని కార్మిక సంఘం ఖర్చుతో 1919లో లండన్ వెళ్లి రెండేళ్లు చదువుకుని, 1926లో సంఘం తరఫున వివాదాలు చూసే ఏజెంటుగా కుదిరి, 1929లో ఎబ్బూ వేల్ నుంచి లేబర్ పార్టీ అభ్యర్థిగా పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1945లో ఆరోగ్య మంత్రి అయ్యారు. 1948 జూలై 5న ఆయన ప్రారంభించిన, బ్రిటన్‌లో అందరికీ ఉచితంగా వైద్యం అందించే జాతీయ ఆరోగ్య సేవ గొప్పతనం గురించి ఇక్కడ ఎవరికీ పేచీ ఉండదనుకుంటాను.

నన్ను వేధిస్తున్నది వేరే సంగతి. ఆ సేవను నిలబెట్టడానికి ఆయన పెద్ద డాక్టర్లకు చాలా వదులుకున్నారు. ప్రభుత్వ ఆస్పత్రిలోనే డబ్బిచ్చే రోగులకు విడిగా పడకలు ఉంచుకోవచ్చన్నారు. వాళ్ల నోళ్లను బంగారంతో మూయించానని ఆయనే అన్నట్టు చెబుతారు. అటువంటి మనిషి, 1951 ఏప్రిల్‌లో ఆర్థిక మంత్రి గైట్‌స్కెల్ కట్టుడుపళ్లకూ కళ్లద్దాలకూ సగం ఖరీదు రోగి భరించాలనేసరికి మంత్రివర్గం నుంచే తప్పుకున్నారు. డబ్బున్నవాడి పడకకు ఒప్పుకున్నవారు పళ్ల సెట్టు దగ్గర ఎందుకు బిగుసుకున్నారు? ఇది నియమమా, అలకా?

నల్లనేల:

నేను రామగుండం ప్రాంతపు బాయిలో ఫిల్లరుగా (బొగ్గు ఎత్తి నింపే కార్మికుడిగా) చేరి, తరవాత యూనియన్‌లో పిట్ కార్యదర్శిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ ప్రశ్నకు జవాబు బెవాన్ చేసిన ఏజెంటు పనిలోనే ఉందని నా నమ్మకం. యాజమాన్యంతో బల్లకు ఇటువైపు కూర్చున్నవాడికి మొదట తెలియవలసింది, ఏది వదిలితే మళ్లీ అడిగి తెచ్చుకోవచ్చో, ఏది వదిలితే ఇక రాదో అన్నది. పెద్ద డాక్టరుకు పడక ఇవ్వడం మొదటి రకం. మందుకు డబ్బు కట్టమనడం రెండో రకం, ఎందుకంటే ఒకసారి గల్లా పెట్టె తెరిచాక మొత్తం పెంచడమే మిగులుతుంది.

ఇంకొకటి. ట్రెడెగర్‌లో అప్పటికే కార్మికులు నడుపుకున్న వైద్య సహాయ సంఘం ఉండేది. కూలీలో పౌనుకు మూడు పెన్నీలు (అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు), అంటే నూటికి రూపాయి పావలా చొప్పున జమ కట్టేవారు, జబ్బు చేసిననాడు ఏమీ అడిగేవారు కాదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కట్టు, పడకేసినప్పుడు కట్టకు అన్న ఆ పద్ధతినే బెవాన్ దేశానికంతటికీ పరిచారు. ఆయన తండ్రి ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని 1925లో కొడుకు చేతుల్లోనే పోయారు. ఆ జబ్బు అప్పటికి పరిహారం జాబితాలో లేదు కనుక ఇంటికి దమ్మిడీ రాలేదు. బెవాన్‌కు బాయి చీకట్లో పనిచేసేవాళ్లకు వచ్చే కనుగుడ్లు అదిరే జబ్బు కూడా ఉండేది. కళ్లద్దాల మీద రుసుము ఆయనకు ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో ఆలోచించండి.

వెనకబెంచీ:

నల్లనేల గారి అనుభవం మీద గౌరవం ఉంచుకునే విభేదిస్తున్నాను. ‘ఒకసారి గల్లా పెట్టె తెరిచాక’ అన్నారు. ఆ పెట్టెకు తాళంచెవి చేయించింది బెవాన్ ఉన్న ప్రభుత్వమే కదండీ. 1949లో ఖర్చు అంచనాలు దాటిపోతున్నాయని మందుల చీటీకి ఒక షిల్లింగు (పౌనులో ఇరవయ్యో వంతు) వసూలు చేసే అధికారాన్ని చట్టంలో చేర్చారు. ఇష్టం లేకపోయినా ఆరోగ్య మంత్రిగా ఆయన దానికి తలొగ్గారు, రాజీనామా చేయలేదు. ఆయన హయాంలో ఆ షిల్లింగు వసూలు కాని మాట నిజమే. అయితే 1952లో కన్సర్వేటివ్‌లు వసూలు మొదలుపెట్టినప్పుడు వాళ్లు ఆ అధికారాన్ని కొత్తగా వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది.

కాలక్రమం కూడా చూడండి. 1950 అక్టోబరులో ఆర్థిక శాఖ ఆయన్ను దాటి, వయసులో చిన్నవాడైన గైట్‌స్కెల్‌కు వెళ్లింది. 1951 మార్చిలో విదేశాంగ శాఖ మరో లేబర్ నాయకుడు మోరిసన్‌కు వెళ్లింది. ఆయన్ను జనవరిలోనే ఆరోగ్యం నుంచి కార్మిక శాఖకు మార్చారు. ఏప్రిల్‌లో ఆయన రాజీనామా ఇచ్చారు. ఈ వరస చూసి అలక లేదనడం నాకు కష్టం. రుసుము వల్ల ఆ ఏడాది వస్తుందనుకున్నది సుమారు 1 కోటీ 30 లక్షల పౌన్లు. అంత చిన్న మొత్తం కోసం, స్వల్ప మెజారిటీతో ఊగిసలాడుతున్న ప్రభుత్వాన్ని, ప్రధాని అట్లీ కడుపులో పుండుతో ఆస్పత్రిలో ఉన్న వారాల్లో, చీల్చవచ్చునా? అక్టోబరులో పార్టీ ఓడింది, పదమూడేళ్లు మళ్లీ అధికారం చూడలేదు.

నల్లనేల:

‘అంత చిన్న మొత్తం’ అని మీరే అన్నారు. అంత చిన్నదైతే గైట్‌స్కెల్ ఎందుకు వదలలేదు? తెగేదాకా లాగిన చేతులు రెండు.

లోయలో వైద్యుడు:

ఇద్దరికీ నమస్కారం. నేను గుంటూరులో చదివి, కొన్నేళ్లుగా ట్రెడెగర్‌కు కారులో అరగంట దూరంలో ఉన్న ఒక లోయ పట్టణంలో కుటుంబ వైద్యుడిగా పనిచేస్తున్నాను. ఈ లోయల్లో గనులు మూతపడే నాటికే ఊరి డాక్టర్లలో చాలామంది భారతదేశం నుంచి వచ్చినవాళ్లు. మనవాళ్లకు ఈ చర్చతో ఉన్న చుట్టరికం అదే.

ముందుగా చిన్న దిద్దుబాటు. కనుగుడ్లు అదిరే నిస్టాగ్మస్‌కు కళ్లద్దాలు మందు కావు, దానికి మందు వెలుతురు. నల్లనేల గారు దాన్ని రుసుముతో కలపడం బోడిగుండుకూ మోకాలికీ ముడివేసినట్టయింది, ఏమీ అనుకోకండి.

ఇక అలక సంగతి. వెనకబెంచీ గారు చెప్పిన వరసలో ఒక తేదీ తప్పిపోయింది. బడ్జెట్ వచ్చింది ఏప్రిల్ 10న. అంతకు వారం ముందే, ఏప్రిల్ 3న, లండన్‌లోని బెర్మండ్సీ సభలో, రోగి మీద రుసుము వేసే ప్రభుత్వంలో తాను ఉండనని బెవాన్ బహిరంగంగా చెప్పారు. పదవి రాలేదన్న బాధ ఉండి ఉండవచ్చు. అయినా ముందే గీత గీసి చెప్పిన మనిషి, గీత దాటాక వెళ్లిపోవడం అలక కిందికి రాదు.

రాజీనామా ప్రసంగంలో పళ్లూ కళ్లద్దాల కంటే ఎక్కువ మాట్లాడింది ఆయుధాల గురించి. కొరియా యుద్ధం పేరుతో మూడేళ్లలో 470 కోట్ల పౌన్లు ఆయుధాలకు పెట్టాలన్నది ప్రభుత్వ ప్రణాళిక. ముడిసరుకూ యంత్రాలూ లేనిదే అంత డబ్బు ఖర్చు పెట్టడం సాధ్యమే కాదని ఆయన వాదన. అదే ఏడాది చివర ప్రధాని అయిన చర్చిల్ ఆ కార్యక్రమాన్ని నెమ్మదింపజేస్తూ, ఈ విషయంలో బెవాన్ చెప్పింది సరైనదేనని సభలో ఒప్పుకోవలసి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలమంతా తనను సభలో నిలదీసిన మనిషి గురించి చర్చిల్ ఆ మాట అనడం తేలిక కాదు.

వెనకబెంచీ:

తేదీ విషయంలో మీ దిద్దుబాటు స్వీకరిస్తున్నాను. ఆయుధాల లెక్క కూడా ఒప్పుకుంటాను. అయితే అప్పుడు నా అభ్యంతరం ఇంకాస్త గట్టిపడుతుంది. అసలు తగాదా 470 కోట్లదైతే, దాని మీదే రాజీనామా చేసి ఉండవలసింది. పళ్ల సెట్టును ముందు పెట్టడంతో జనానికి అది ఇంటి గొడవలా కనిపించింది. ఆయనతో పాటు తప్పుకున్న హెరాల్డ్ విల్సన్, 1964లో ప్రధాని అయ్యాక మందుల రుసుము ఎత్తేసి, 1968లో డబ్బు చాలక తానే మళ్లీ పెట్టారు. బెవాన్ బతికి ఉండి ఆ కుర్చీలో కూర్చుంటే ఏం చేసి ఉండేవారు?

పాతపుస్తకం:

ఇక్కడిదాకా చదివాక నా ప్రశ్నను కొంచెం మార్చుకోవాలనిపిస్తోంది. పడకల విషయంలో వంగిన మనిషి, రుసుము విషయంలో నిటారుగా నిలబడ్డారన్న వైరుధ్యం ఇప్పుడు నాకు అంతగా కనబడడం లేదు, ఎందుకంటే మొదటిది డాక్టరు జేబు గురించి, రెండోది రోగి జేబు గురించి. 1949 నాటి షిల్లింగు మాత్రం గొంతులో ముల్లులాగే ఉంది. వైద్యుడు గారు, ఆ ఊళ్లో పాతవాళ్లు దీన్ని ఎలా చూస్తారు?

లోయలో వైద్యుడు:

షిల్లింగు గురించి నాతో ఎవరూ ఎత్తలేదండీ. కట్టుడుపళ్ల గురించి ఎత్తారు.

నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన ముప్పై ఏళ్లకు పైగా బాయిలో చేశారు. రాయి గీరుకున్నచోట బొగ్గుపొడి చర్మం కిందే ఉండిపోయి, కుడి కనుబొమ్మ మీద, మునివేళ్ల మీద నీలంగా గీతలు కనిపిస్తాయి. వాటిని సబ్బుతో కడిగినా పోవని నవ్వుతారు. వేల్స్‌లో 2007 ఏప్రిల్ 1 నుంచి మందుల చీటీకి రుసుము లేదు, ఇంగ్లండ్‌లో ఇంకా ఉంది. ఆ రోజు ‘నై గెలిచాడు’ అనుకున్నామని ఆయన చెప్పారు. నై అంటే బెవాన్ ముద్దుపేరు. పోయిన నెల కొత్త పళ్ల సెట్టు పెట్టించుకుని వచ్చారు. దానికి మాత్రం ఇక్కడ ఈనాటికీ రుసుము ఉంది. రశీదు నా బల్ల మీద పెట్టి, ఇది కూడా మీరు రాసే చీటీలోకి ఎక్కదా అని అడిగారు. ఎక్కదని చెప్పాను.